బాతులవాడి శంఖం, మా వీధి వాల్వు తాళం

మా మనవరాలు నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి సాయంత్రం వస్తుంది. వచ్చేటప్పుడు అక్కడి లైబ్రరీ నుంచి నాకు పుస్తకాలు తెస్తుంది. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. ఆడవాళ్ల కూడికలో వాక్యం చదవడానికి మనిషి కావాలని పాస్టరమ్మ గారు కూర్చోబెట్టి నేర్పారు. వాక్యంతో ఆగితే బాగుండేది. నేను పొట్లం కాగితాలు, కరెంటు బిల్లులు, గోడల మీద ఎన్నికల రాతలు అన్నీ చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడు కథల పుస్తకాల మీద పడ్డాను. పైకి చదవకపోతే నాకు అర్థం కాదు. అందుకని నేను పుస్తకం పట్టుకుంటే పక్కింటివాళ్లు టీవీ సౌండు పెంచుతారు.

పోయిన ఎండాకాలం మనవరాలు ఇటుకంత మందాన ఒక పుస్తకం తెచ్చింది. మాయలూ మంత్రాల కథ. ఎక్కడా లేని దేశం. ఆ దేశంలో ఒక నల్ల శంఖం ఉంటుంది. దాన్ని ఊదితే, ఆ చప్పుడు విన్నవాళ్లంతా ఊదినవాడు ఏం చెబితే అది చేస్తారు. రాజు ఊదాడు, పాడైపోయాడు. సేనాపతి ఊదాడు, వాడూ అంతే. గడ్డం ముసలాయన ఒకడు, మంచికే వాడతానని ఒట్టేసి మరీ ఊదాడు, అందరికంటే ఎక్కువ పాడైపోయాడు. చివరికి ఆ శంఖం బాతులు కాసుకునే వాడొకడి చేతికి వచ్చింది. వాడు ఊదలేదు. దాంట్లో తవుడు పోసి బాతులకు పెట్టుకున్నాడు.

అక్కడికి వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. పుస్తకం మూసి మనవరాలిని అడిగాను, వీడెందుకు ఊదలేదని.

"చిన్నవాళ్లు కదా అమ్మమ్మా, ఆశ తక్కువ. ఇలాంటి పుస్తకాలన్నిట్లో ఇంతే. పెద్దోళ్లు చెడిపోతారు, చిన్నోళ్లు నిలబడతారు."

"చిన్నోళ్లకి ఆశ తక్కువని నీకెవరు చెప్పారే?"

నా బతుకంతా మిర్చి కోతల్లోనూ పత్తి చేలల్లోనూ గడిచింది. నాకంటే చిన్న మనిషి ఎవరుంటారు? నాకు ఆశ లేదా? ఆసామి గారి భార్య మెళ్లో గొలుసు చూసి నేనెన్ని పొద్దులు వంగిన నడుం ఎత్తి చూశానో నాకు తెలుసు. మా ముఠా మేస్త్రి గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడితే, ఆ గొడుగు నాది కావాలని మొక్కుకున్నదాన్ని. మాకు ఆశ తక్కువ కాదు, ఏదీ చేతికి అందలేదు, అంతే. అందనివాణ్ణి పట్టుకుని మంచివాడని రాయడం రాసేవాళ్లకు సులువు. ఈ మాటే అన్నాను.

మనవరాలు నవ్వి, "నీ చేతికొచ్చినా నువ్వు ఊదవులే" అంది.

ఆ మాట నాకు ఎక్కడో తగిలి హాయిగా అనిపించింది. నిజమే కాబోలు అనుకున్నాను. అంతకు ముందు కూడికలోనే, నాకిప్పుడు ఏ ఆశా లేదు, ప్రభువు పిలుపే తరువాయి అని సాక్ష్యం చెప్పి కూర్చున్నాను. చాలామంది ఆమెన్ అన్నారు. అంటే, ఒకే నోటితో చిన్నోళ్లకూ ఆశ ఉంటుందని వాదించానన్నమాట, నాకు మాత్రం లేదని సాక్ష్యం చెప్పానన్నమాట. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని అప్పుడు తోచలేదు. ఎండాకాలం పూర్తయ్యేలోపు తోచింది.

జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు పోయే దారిలో మా కాలనీ ఉంది. మూడు వీధులు. ట్యాంకు నీళ్లు ఒక వీధి తర్వాత ఒక వీధికి వదులుతారు. వాల్వు గుంటలు మూడూ ఒకే చోట, సరిగ్గా మా ఇంటి ఎదురుగా ఉంటాయి. వాల్వు తిప్పడానికి పొడవాటి ఇనప కడ్డీ ఒకటి ఉంది, పైన అడ్డంగా పట్టుకునే పిడి. దాన్ని మేము తాళం అంటాం. తాళం చెవి లాగా కాదు, గొల్లవాళ్ల కర్రంత ఉంటుంది.

కుళాయిలకు మోటర్లు బిగించకూడదని మా కాలనీలో అందరికీ తెలుసు. అందరూ బిగిస్తారు. వీధి మొదట్లో వాళ్లు మోటరు వేస్తే చివరి కుళాయి గుర్రుగుర్రుమని గాలి వదులుతుంది. అందుకని వాల్వులు తిప్పే తమ్ముడు (వరసకు తమ్ముడు కాదు, నేను అలా పిలుస్తాను) ఒక పద్ధతి పెట్టాడు. గడియారం చూడడు. ఏ వీధికి నీళ్లు వదిలాడో ఆ వీధి చివరింటివాళ్లు తమ నీళ్లు పట్టుకోవడం అయ్యాక ఒక బిందె బోర్లించి గోడ మీద పెట్టాలి. గోడ మీద బిందె కనపడ్డాకే వాల్వు కట్టేసి పక్క వీధికి వదులుతాడు. మొదటివాళ్లు ఎన్ని మోటర్లు వేసుకున్నా వాళ్ల డ్రమ్ములు నిండక తప్పదు, నిండాక చివరికి రాక తప్పదు. ఇది ఎక్కడా రాసిపెట్టలేదు. ఎవరూ కాదనలేదు.

మా వీధి చివరిల్లు ఇడ్లీ బండి ఆమెది. మొగుడు లేడు. రోజూ పిండి రుబ్బుకుని, తెల్లారేసరికి బండి తోసుకుంటూ హైవే మీద లారీలు ఆగేచోటికి పోతుంది. సిమెంటు ఫ్యాక్టరీల షిఫ్టువాళ్లు, డ్రైవర్లు, నందిగామ బస్సు కోసం నిలబడే మా మనవరాలి లాంటివాళ్లు తింటారు. పప్పు నానబెట్టినా, పిండి రుబ్బినా, గిన్నెలు తోమినా, బండి మీద జనానికి తాగడానికి పెట్టినా అన్నిటికీ ఆ చివరి కుళాయి నీళ్లే. నీళ్లు లేకపోతే బండి లేదు. పోతూ పోతూ ఇంట్లో దించిన మొదటి వాయి ఇడ్లీలు ఒక పొట్లం కట్టి మా అరుగు మీద పెట్టి పోతుంది. నన్ను అక్కా అంటుంది.

ఆ ఎండల్లో తమ్ముడికి గజ్జల్లో ఒక పక్క వాపు వచ్చి, నందిగామలో ఆపరేషన్ చేయాలన్నారు. మోటరు వేసి ట్యాంకు నింపడానికి ఇంకో మనిషి కుదిరాడు గాని, వాల్వుల దగ్గర నిలబడే తీరిక అతనికి లేదు. తమ్ముడు తాళం తెచ్చి మా గుమ్మానికి ఆనించాడు. "ఎదురిల్లేగా పెద్దమ్మా, నేనొచ్చేదాకా తిప్పు" అన్నాడు. నేను వద్దు వద్దంటూనే లేచి, దాన్ని గుమ్మం దగ్గర నుంచి తీసి మంచం పక్కన పెట్టుకున్నాను.

మొదటి రెండు రోజులూ బుద్ధిగానే తిప్పాను. గోడ మీద బిందె చూశాను, కట్టాను. మూడో రోజుకు నన్ను చూసే చూపులు మారడం నాకు తెలిసింది. రెండో వీధి ఆమె ఒకావిడ, అంతకు ముందు నన్ను ఏమే అన్న మనిషి, "ఏమండీ, మా వీధికి ఎప్పుడండీ" అంది. ములక్కాడలు వచ్చాయి. కోడికూర వచ్చింది, గిన్నె తిరిగి ఇవ్వక్కర్లేదన్నారు. ఆదివారం చర్చిలో ఫ్యాను కింద చోటు ఖాళీ చేశారు. నేను ఆ తాళాన్ని భుజాన వేసుకుని నడవడం మొదలుపెట్టాను. వాల్వు మా ఇంటి ఎదురుగానే ఉంది, నాలుగు అంగలు. అయినా ముందు వీధి చివరిదాకా పోయి వచ్చేదాన్ని, కనపడాలిగా. మనవరాలు చూసి "అమ్మమ్మా, శంఖం" అంది. నేను విననట్టు పోయాను.

ఇవన్నీ నన్ను పడగొట్టలేదు. నన్ను పడగొట్టింది ఒక కుర్చీ.

మా వీధి మొదట్లో రెండంతస్తుల మేడ ఉంది. ఆసామి గారిది. వాళ్ల చేలల్లో నేను ఎన్ని ఏళ్లు మిర్చి కోశానో లెక్కలేదు. ఆ ఇంటి వసారాలో నిలబడ్డాను, మెట్ల మీద కూర్చున్నాను, కుర్చీ మీద మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. ఎవరూ కూర్చోవద్దనలేదు. కూర్చోమనీ అనలేదు. ఆ వారంలో ఒకరోజు ఆసామి గారి భార్య నన్ను పిలిచి, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ లాగి, కొంగుతో దుమ్ము తుడిచి, కూర్చోమంది. స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. పనివాళ్లకు విడిగా పెట్టే గ్లాసు కాదు. ఆ గ్లాసు నాకు తెలుసు. "ఏం లేదమ్మా, పైన ట్యాంకు నిండేదాకా కాస్త చూడు. చుట్టాలొచ్చారు" అంది. అంతే అడిగింది. కాళ్లు పట్టుకోలేదు, డబ్బులివ్వలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుంటే అది కిర్రుమంది. ఆ చప్పుడు ముందు ఆ పుస్తకంలో శంఖం ఎంత.

ఆ రోజు నుంచి వాళ్ల పై ట్యాంకు నిండి పొంగి గోడమీదుగా కారేదాకా నీళ్లు వదిలాను. నేను కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ పొంగడం చూసేదాన్ని. మోటరు ఆపేసరికి మా వీధి వంతు ఎక్కువైపోయేది, మిగతా రెండు వీధులవాళ్లు గొణిగేవాళ్లు. అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. అక్షరాలొచ్చినవాళ్లకే వస్తాయి ఇలాంటివి. అట్టపెట్టె ఒకటి చింపి, మనవరాలి స్కెచ్ పెన్నుతో ఏ వీధికి ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా నీళ్లో రాసి, కరెంటు స్తంభానికి కట్టాను. నా జన్మలో నలుగురూ చదవడానికి నేను రాసిన మొదటి రాత అది. కింద ‘ఇట్లు’ అని పెట్టి నా పేరు రాసుకున్నాను. ఇట్లు ఎవరు పెడతారో, ఎందుకు పెడతారో సరిగ్గా తెలియదు గాని, పెద్దవాళ్ల కాగితాల కింద చూశాను, బాగుంటుందని పెట్టాను. అందరూ ఆగి చదువుతుంటే అరుగు మీద కూర్చుని చూశాను.

ఇక గోడ మీద బిందెతో పనేముంది? గడియారం చూడటం, కట్టేయడం. న్యాయం అంటే ఇదే అని గట్టిగా నమ్మాను. మేడవాళ్ల మోటరు లాగినంత లాగాక, గంట కొట్టేసరికి చివరి కుళాయికి ఏం మిగులుతుందో నేను తల తిప్పి చూడలేదు. చూస్తే కనపడేది.

ఆ మధ్యలో బత్తాయిలు పట్టుకుని నందిగామ పోయి తమ్ముణ్ణి చూసి వచ్చాను. ఆపరేషన్ బాగానే జరిగింది, మంచం మీద ఆనుకుని కూర్చున్నాడు. ట్యాంకు నిండుతుందా అని అడగలేదు, ఎవరైనా గొడవ పడ్డారా అని అడగలేదు.

"చివరి బిందె చూస్తన్నావా పెద్దమ్మా?"

"చూడకుండా ఎట్టా కడతానురా" అన్నాను. నా అట్ట సంగతి చెబుదామని బస్సులో అంతసేపూ మాటలు కూర్చుకున్నదాన్ని, ఎందుకో చెప్పలేదు. బత్తాయిలు వలిచి పెట్టి వచ్చేశాను.

తర్వాత రెండు రోజులు నా అరుగు మీద ఇడ్లీ పొట్లం రాలేదు. మొదటి రోజు ఏమనుకున్నానో రాయడానికి సిగ్గుగా ఉంది గాని రాస్తాను: తాళం నా చేతిలో ఉన్నప్పుడు పొట్లం మర్చిపోయిందంటే దీనికెంత పొగరు అనుకున్నాను. రెండో రోజు బస్‌స్టాపు నుంచి మనవరాలు ఫోను చేసింది. బండి లేదంట. నిన్నా లేదంట. డ్రైవర్లు వచ్చి చూసి, అవతల ఇంకో బండి దగ్గరికి పోతున్నారంట. "ఇంకో వారం ఇట్టా అయితే ఆ జాగాలో వేరేవాళ్లు బండి పెట్టేస్తారు అమ్మమ్మా, ఒంట్లో బాగోలేదేమో పోయి చూడు" అంది.

తాళం చేతిలోనే ఉంది. దాన్ని ఊతకర్రలా పట్టుకుని పోయాను. ఆమె ఒంట్లో బాగానే ఉంది. కుళాయి కింద డ్రమ్ము ఎండి ఉంది, అడుగున తుప్పు నీళ్లు ఒక గ్లాసెడు. గిన్నెలో నానిన పప్పు పులిసి వాసన వస్తోంది. రుబ్బలేదు. బిందె కుళాయి కిందనే ఉంది, గోడ మీదకు పోయే యోగం దానికి పట్టి చాలా రోజులైంది. అంతదాకా ఊళ్లో వాళ్లను బతిమాలి డబ్బాలతో మోసుకొచ్చిందంట, ఈ రెండు రోజులూ అది కూడా కుదరలేదంట. నాతో ఒక్క మాట ఎందుకు అనలేదని అడిగాను.

"అట్ట మీద రాసావు కదక్కా. రాసిందాన్ని నేనేం అడుగుతా?"

ఆమెకు చదువు రాదు. స్తంభం దగ్గర నిలబడ్డవాళ్లను అడిగి చెప్పించుకుంది.

నేను ఏడవలేదు, క్షమించమని కూడా అనలేదు. నాకు అలాంటివి రావు. తాళం తీసి ఆమె చేతిలో పెట్టాను. రేపటి నుంచి నువ్వే తిప్పుకో, ముందు నీ డ్రమ్ములు నింపుకో, ఎవడేమంటాడో నేను చూస్తానన్నాను. చాలా గొప్పగా అనిపించింది నాకు. శంఖాన్ని వదులుకున్నదాన్ని కదా.

ఆమె తాళాన్ని పాము పిల్లను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని మళ్లీ గోడకు ఆనించింది.

"నాకొద్దు. నా చేతిలో ఉంటే నా డ్రమ్ములే నింపుకుంటా, నాకు తెలవదా? ఆ తర్వాత ఇదే వీధంట బండి తోసుకుపోవాలి నేను. మిట్ట ఎక్కేకాడ నాకు చెయ్యి ఎవరు వేస్తారు?"

మా వీధి హైవే రోడ్డును కలిసేచోట నిట్టనిలువు మిట్ట ఉంది. ఆ బండి ఒక్క మనిషి తోస్తే ఎక్కదు. తెల్లవారుజామున ఎవరు లేచి ఉంటే వాళ్లు వచ్చి వెనక ఒక చెయ్యి వేస్తారు. పాలకు పోయేవాడు, షిఫ్టుకు పోయేవాడు, మేడవాళ్ల పాలేరు, ఒక్కోసారి నేను. రోజూ వేస్తారు. ఎవరూ అడిగించుకోరు.

"మరి నేనేం చెయ్యను?" అన్నాను.

"బిందె చూడక్కా. నేను గోడ మీద పెడతా, నువ్వు చూడు. అంతే" అంది. అని పులిసిన పప్పు తీసుకుపోయి పక్కింటి గేదెకు పోసింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆ బాతులవాడి మీద నా కోపం తీరింది. మనవరాలు చెప్పింది తప్పు, నేను చెప్పింది సగమే. ఆశ ఇడ్లీ ఆమెకు లేక కాదు, మొదట తన డ్రమ్ములే నింపుకుంటానని తనే చెప్పింది. కాకపోతే రోజూ తెల్లారేసరికి ఆమెకు ఇంకొకళ్ల చెయ్యి కావాలి. బాతులవాడికీ కావాలి. బాతులు రోడ్డు దాటుతుంటే అవతల ఎవరో ఒకరు నిలబడి బండ్లను ఆపాలి. శంఖం ఊది ఆపించుకుంటే ఒక రోజు ఆగుతారు, రోజూ ఆగరు. మంచితనం ఉండే ఉంటుంది, నేను కాదనను. కాని మంచితనం నా దగ్గర కూడా కొంచెం ఉంది, అది కుర్చీ ముందు నిలవలేదు. రాజుకు మిట్ట లేదు. నాకూ లేదు. మోకాళ్లు పోయి పని మానేశాక, పింఛను వచ్చాక, మనవరాలికి జీతం వచ్చాక, తోయాల్సిన బండి ఏదీ నా దగ్గర లేదు. అందుకే అంత తేలిగ్గా జారాను అనుకుంటున్నాను. లేకపోతే మామూలుగానే నేను అంతంత మాత్రం మనిషిని అయి ఉండొచ్చు. అది కూడా తీసేయలేను.

అట్ట తెంపి పొయ్యిలో పెట్టాను. ‘ఇట్లు’ కొంచెం ఆలస్యంగా కాలింది.

మర్నాడు నీళ్లు వదిలి వాల్వు గుంట దగ్గరే కూర్చున్నాను. మేడ మీద నుంచి కాఫీకి పిలుపు వచ్చింది. వస్తానండి, బిందె పెట్టాక వస్తానన్నాను. ఏ బిందె అని ఆమె అడిగింది. చివరి ఇంటి గోడ వైపు చూపించాను. పై ట్యాంకు నిండింది, పొంగింది, ఆమె విసుక్కుని మోటరు ఆపింది. కాఫీ చల్లారిపోయి ఉంటుంది. నేను కదల్లేదు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటే నా సంగతి నాకు తెలుసు. మిగతా రెండు వీధులవాళ్లు తిట్టారు, నిన్నటిదాకా ఏమండీ అన్నవాళ్లే. పుస్తకం చదవడానికి నాకు కళ్లజోడు కావాలి గాని, దూరం చూపు బాగానే ఉంది. ఎండ బాగా పైకి వచ్చాక ఆ గోడ మీద బోర్లించిన స్టీలు బిందె తళుక్కుమంది. అప్పుడు కట్టాను.

ఆ మర్నాడు తెల్లవారుజామున బండి చక్రాల చప్పుడు విని లేచి మిట్ట దగ్గరికి పోయాను. నా చెయ్యి వల్ల బండికి ఒరిగిందేమీ లేదు, పాలవాడే తోశాడు. అయినా వేశాను. నా పొట్లం నాకు వచ్చింది. బస్‌స్టాపులో ఆ జాగా ఆమెదే ఉంది, మనవరాలు ఫోను చేసి చెప్పింది.

కొన్నాళ్లకు తమ్ముడు తిరిగి వచ్చి తాళం అడిగాడు. ఇచ్చాను. అతను లాగాడు, నా చెయ్యి రాలేదు. మళ్లీ లాగాడు. అప్పుడు వదిలాను. రెండో పక్క కూడా వాపు ఉందేమో చూపించుకోరా, ఎండల్లోనే చేయించుకుంటే మంచిదని చెప్పాను. అతను నవ్వాడు. నేను నవ్వడానికి చెప్పలేదు.

పుస్తకం ఆఖరి పేజీల్లో బాతులవాడు శంఖాన్ని ఏట్లో పారేసి హాయిగా ఉన్నాడని రాశారు. పారేశాడంటే నమ్ముతాను. హాయిగా ఉన్నాడంటే నమ్మను. వేదాద్రి రేవుకు పోయినవాళ్లు చేయి జారిన ఉంగరం కోసం నీళ్లలోకి చూసినట్టు, వాడూ అప్పుడప్పుడూ ఆ ఏటి ఒడ్డున నిలబడి లోపలికి చూసి ఉంటాడు. నేనూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని వాల్వు గుంట వైపు చూస్తాను. తమ్ముడు తాళం దింపుతాడు, తిప్పుతాడు. నా చేతివేళ్లు వాటంతట అవే మెలి తిరుగుతాయి. ఇద్దరం వీధి చివర గోడ వైపు చూస్తూ ఉంటాం. బిందె నాకే ముందు కనపడుతుంది. అతనికి చెప్పను. తనే చూసుకోవాలి.